ఎర్ర సండర్‌లాండ్

మంగళవారం సాయంత్రం మెథడిస్టు చర్చి హాల్లో మోడల్ విమానాల క్లబ్బువాళ్లు వేసే కొత్తవాళ్ల బల్ల వెనక నార్మన్ బ్లాంచర్డ్ కూర్చున్నాడంటే ఎదుటివాడి పని అయిపోయినట్టే. ముచ్చటపడి ముక్కలు అతికించి చేసే ఓ యుద్ధవిమానం పెట్టె కొనుక్కుని, చంకలో పెట్టుకుని నవ్వుకుంటూ వచ్చినవాడికి ముందు అక్షింతలు పడేవి.

“పెట్టె కొనమని ఎవరు చెప్పారయ్యా నీకు? కట్టరు లేదు, కత్తి లేదు. ముక్కలు ఎట్లా తెంపుతావు, పళ్లతోనా?”

పళ్ల మాట ఎత్తే హక్కు ఆయనకుంది. రిటైరయ్యేదాకా చేపల రేవైన మా గ్రిమ్స్‌బీ ఊరికి కట్టుడుపళ్లు చేసిపెట్టిన మనిషి. ఈ ఊరి ముసలివాళ్లలో సగంమంది నవ్వు ఆయన చేతి పనే. ఇప్పుడా చేతులు ప్లాస్టిక్ విమానాల మీద పడ్డాయి. ఆలూ లేదు చూలూ లేదు, పెట్టె మాత్రం ముందే కొనేస్తారని ఆయన బాధ. ముందు కట్టరు కొనాలి. దాని ఒక ముఖం బల్లపరుపుగా ఉండాలి, లేకపోతే ముక్కలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం నుంచి ఒకదాన్ని తెంపిన చోట పుండు మిగులుతుంది. తర్వాత కత్తి. తర్వాత ఆకురాయి, గరుకు కాగితం. చవక బ్రష్షులు పది కొనేకన్నా మంచిది ఒక్కటి కొనాలి. రంగు డబ్బాని ఊపకూడదు, మణికట్టు నొప్పెట్టేదాకా పుల్లతో కలపాలి. జిగురు సీసాలోదే వాడాలి. ట్యూబు జిగురు పేరెత్తితే ఆయన మొహం వేపాకు నమిలినట్టయ్యేది. ఇవన్నీ అమరాక, ఆఖర్న, ఒకే రంగుతో అయిపోయే చిన్న విమానం ఒకటి కొనుక్కోవాలి.

“అది కూడా పారేయడానికే. మొదటి విమానం ఎవడిదైనా చెత్తబుట్టకే,” అనేవాడు.

ఆయనకో సూత్రం ఉండేది. వేలిముద్ర కనబడితే అది బొమ్మ, కనబడకపోతే మోడలు. క్లబ్బు కార్యదర్శి మాల్కమ్ ఈ మాటని ఓ చెక్క మీద పెద్ద అక్షరాలతో రాసి, హాల్లో టీ కాచే డ్రమ్ము పైన వేలాడదీశాడు. ఏడిపించడానికే వేలాడదీశాడు గానీ నార్మన్ దాన్ని సన్మానం కిందే తీసుకున్నాడు.

ఇంట్లో వెనకగది అంతా ఆయనదే. తెరవని పెట్టెలు కప్పుదాకా ఉండేవి. ఆ విమానాలు ఈ జన్మలో పూర్తి కావని ఆయనకీ తెలుసు, భార్య జాయిస్‌కీ తెలుసు. అయినా కొత్తది వస్తే కొనడం ఆగదు, కొన్నదాన్ని తెరవడం ఉండదు. పాత పెట్టెకి టేపు ఊడిందంటే దాని పరువు పోయినట్టేనని ఈ మోడళ్లవాళ్లకో నమ్మకం. ఇక ముక్కలంటారా, దేన్నీ పారెయ్యరు. విరిగినవీ, మిగిలినవీ, ఎందుకూ కొరగానివీ అన్నీ విడిభాగాల డబ్బాలో పడుతూనే ఉంటాయి.

“ఏమయ్యా, పేదరాశి పెద్దమ్మ కూడా ఇన్ని మూటలు కట్టలేదు. నువ్వు పోయిన మర్నాడే వీటన్నిటికీ అగ్గి పెట్టేస్తా,” అనేది జాయిస్.

“పెట్టు. కానీ తెల్లరంగు డబ్బాలు మాత్రం నా శవపెట్టెలో పెట్టి పూడ్చు.”

తెల్లరంగులంటే ఆయనకి అంత పిచ్చి. పాల తెలుపు, సుద్ద తెలుపు, ఎండకి మాగిన తెలుపు, ఉప్పుగాలికి తుప్పెక్కబోయే ముందరి తెలుపు. ఒక అర వాటికే కేటాయించాడు.

అలాంటి మనిషి చేతికి ఏవ్రిల్ తన అన్న చేసిన విమానాన్ని తెచ్చి ఇచ్చింది.

ఏవ్రిల్‌ది అదే వీధి, రెండిళ్ల అవతల. చేపముక్కల ప్యాకింగు ఫ్యాక్టరీలో పనిచేసి మానేసిన మనిషి. ఒంటరిది. మాటలు తక్కువ. ఆ రోజు బిస్కెట్ల రేకుడబ్బాలో తువ్వాలు పరిచి, దాంట్లో ఓ సండర్‌లాండ్‌ని పడుకోబెట్టి తెచ్చింది. నీళ్ల మీద వాలే నాలుగు ఇంజన్ల పెద్ద విమానం, పడవకి రెక్కలు మొలిచినట్టు ఉంటుంది. దుమ్ము తుడుస్తుంటే ఒక ప్రొపెల్లరు ఊడొచ్చిందట.

“మా అన్న కీత్ చేశాడండీ, పదమూడేళ్లప్పుడు. ఈ ఒక్కటీ అతికించిపెడితే చాలు నార్మన్ గారూ. మిగతాదానికి మీరేం శ్రమపడకండి.”

“ఎంతసేపు పని, ఇచ్చి వెళ్లండి,” అన్నాడు నార్మన్.

అక్కడే వచ్చింది చిక్కంతా. మా ఊళ్లో ‘మీరేం శ్రమపడకండి’ అన్న మాటని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. టీ పెడతానంటే అంటారు, పెట్టాక రెండు కప్పులు తాగుతారు. కేకు వద్దంటారు, ముక్క కోసి ఇస్తే చెయ్యి చాస్తారు. అడగడానికి మొహమాటపడి అలా అంటారని పుట్టినప్పటినుంచీ అందరికీ తెలుసు. ఏవ్రిల్ కూడా మొహమాటపడిందనే నార్మన్ అనుకున్నాడు. పైగా ఆయన పెళ్లయ్యాక లౌత్ అనే సముద్రం లేని ఊరి నుంచి ఈ ఊరొచ్చినవాడు. రేవుపక్క వీధుల్లో ఎవరింటి పిల్లవాడు ఏ చేపల ఓడతో వెళ్లి తిరిగి రాలేదో ఆయనకి తెలియదు. ఇక్కడ ఎవరూ చెప్పరు కూడా.

ప్రొపెల్లరు అతికించడం టీ చల్లారేలోపు అయిపోయింది. అక్కడితో డబ్బా మూత పెట్టేస్తే ఈ కథే లేదు. కానీ దీపం కింద ఆ విమానాన్ని చూస్తుంటే నార్మన్‌కి చేతులు ఊరుకోలేదు. ఎన్ని పాపాలు చెయ్యొచ్చో అన్నీ చేశాడు ఆ కుర్రాడు. ముక్కల్ని చట్రం నుంచి మొండికత్తితో కోసీ, మెలిపెట్టీ తెంపాడు. అతుకుల వెంట ట్యూబు జిగురు కొవ్వొత్తి కారినట్టు కారి గడ్డకట్టింది. గోడకి సున్నం కొట్టినట్టు తెల్లరంగు మందంగా పూశాడు, అందులో బ్రష్షు వెంట్రుకలు చిక్కుకున్నాయి. పైలట్ల మీది గాజుకప్పు, గాజులాంటి ప్లాస్టిక్‌దే, జిగురు తగిలి మసకబారింది. వీటన్నిటికీ తోడు ఎడమ రెక్క పైన నట్టనడుమ ఓ బొటనవేలి ముద్ర, దాని మీద అడ్డంగా ఓ గీత. రంగు ఆరకముందే పట్టుకుని ఎత్తాడు, తొందరపాటు వెధవ.

“చూడవే జాయిస్, వేలు ఎలా దించాడో.”

జాయిస్ కళ్లజోడు సర్దుకుని చూసింది. “పిల్లాడు కదా.”

“దీన్ని చూస్తూ చూస్తూ ఇలాగే ఎలా తిరిగిచ్చేది?”

“ఆవిడ ప్రొపెల్లరు అడిగింది. ప్రొపెల్లరు ఇవ్వు.”

“నీకు తెలీదులే. చూసి పొంగిపోతుంది.”

“ఏమో. ఎవరింటి సామాను వాళ్లకి అలవాటై ఉంటుంది,” అని ఆవిడ గిన్నెలు కడగడానికి వెళ్లిపోయింది. ఇంకొంచెం గట్టిగా చెప్పి ఉండాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకుంది.

ఓవెన్ జిడ్డు వదిలించే మందు పూసి నార్మన్ రంగంతా వలిచేశాడు. ప్లాస్టిక్‌కి ఏమీ కాదు, రంగు మాత్రం పుండు పక్కులా లేచి వచ్చేస్తుంది. పాత పళ్లబ్రష్షుతో రుద్ది, కుళాయి కింద కడిగేశాడు. జిగురు గడ్డల్ని ఆకురాయితో అరగదీశాడు, సందుల్లో లప్పం కూరాడు, గరుకు కాగితంతో రుద్దీ రుద్దీ రెక్కని గుడ్డు పెంకులా చేశాడు. మసకబారిన గాజుకప్పుని ఊడదీసి విడిభాగాల డబ్బాలోకి విసిరాడు. పళ్ల తొడుగులు చేసే పాత యంత్రం ఇంట్లోనే ఉంది, దాని మీద సన్నటి ప్లాస్టిక్ రేకుని వేడిచేసి లాగి కొత్త కప్పు తయారుచేశాడు. తెలుపు ఎంచుకోవడానికే నాలుగైదు రోజులు పట్టింది. తీరప్రాంతం కాపలా కాసిన విమానం కాబట్టి పాల తెలుపు పనికిరాదు. సుద్ద తెలుపులో ఓ చుక్క బూడిదరంగు కలిపి, గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్‌తో పొర మీద పొరగా వేశాడు.

పూర్తయ్యాక తనే మురిసిపోయాడు. ఎక్కడ చూసినా మనిషి చెయ్యి తగిలిన జాడ లేదు. సరిగ్గా అప్పుడే క్లబ్బు వార్షిక ప్రదర్శన వచ్చింది. ఏవ్రిల్‌కి చెప్పకుండా దాన్ని హాల్లో మధ్యబల్ల మీద పెట్టాడు. ముందు చిన్న అట్టముక్క మీద ‘తయారీ కీత్, పునరుద్ధరణ నార్మన్ బ్లాంచర్డ్’ అని రాశాడు. అన్నగారి పేరే ముందు రాశాను, ఎంత సంతోషిస్తుందోనని జాయిస్‌తో అన్నాడు కూడా. శనివారం ఓసారి హాలుకి రమ్మని, మీకో విశేషం చూపిస్తానని ఏవ్రిల్ ఇంటికెళ్లి మరీ పిలిచాడు.

ఆవిడ మంచి కోటు వేసుకుని వచ్చింది, రేకుడబ్బా కూడా తెచ్చుకుంది. జనం బల్ల చుట్టూ మూగి ఉన్నారు. నార్మన్ దారి చేసి ఆమెని ముందుకు తీసుకొచ్చాడు. మాల్కమ్ బహుమతి వెండికప్పుని వీపు వెనక దాచుకుని పక్కనే నిలబడ్డాడు. ఆవిడ కన్నీళ్లు పెట్టుకునే క్షణంలో బహుమతి ప్రకటిద్దామని ఇద్దరూ ముందే మాట్లాడుకున్నారు.

ఏవ్రిల్ విమానాన్ని చూసింది. “బాగుందండీ,” అంది మర్యాదగా. తర్వాత డబ్బా మూత తీసింది. “మరి మాదేది?”

“ఏదండీ?”

“మా కీత్‌ది.”

“ఇదేనండీ.”

ఆవిడ నవ్వింది. “ఇది కాదులెండి. ఇది కొత్తది. మాది ఇంటి దగ్గర ఉంచారా?”

చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు. పోల్చుకోలేనంతగా మారిందంటే అదీ పనితనమని ఎవరో అన్నారు. నార్మన్ ఛాతీ విప్పుకుని చెప్పడం మొదలుపెట్టాడు. “లేదండీ, ఇదే. పాత రంగంతా వలిచేశాను. అతుకులన్నీ నింపాను. కప్పు కొత్తది వేశాను...”

“రంగంతా?”

“పూర్తిగా.”

“రెక్క మీదిది కూడానా?”

“రెక్కతోనే పెద్ద చావొచ్చిందండీ. నడిమధ్యలో వేలిముద్ర ఒకటి, లోతుగా...”

అంతవరకు అని నార్మన్ ఆగిపోయాడు. ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు. రక్తమంతా ఎవరో తోడేసినట్టు తెల్లబోయింది ఆ మొహం. డబ్బా మూత చేతిలోంచి జారి నేల మీద గింగిరాలు తిరిగి పడింది. ఎవరూ వంగి తీయలేదు.

ఏవ్రిల్ చెయ్యి చాచి రెక్క మీద బొటనవేలు పెట్టింది. చూడకుండానే పెట్టింది, చీకట్లో స్విచ్చు వెతుక్కునే అలవాటు చెయ్యిలా సరిగ్గా ఆ చోటుకే వెళ్లింది. వేలు నున్నగా జారిపోయింది. మళ్లీ పెట్టింది. మళ్లీ జారింది.

“ఇక్కడుండేది,” అంది.

“ఏవ్రిల్ గారూ...”

“రోజూ పొద్దున దుమ్ము తుడిచేటప్పుడు నా వేలు అందులో పెట్టేదాన్ని. సరిపోయేది కాదు. వాడిది పెద్దది. మాంసం డబ్బా రేకు కోసుకుని అడ్డంగా గాటు కూడా ఉండేది వాడికి.” ఆవిడ నార్మన్ వంక తిరిగింది. గొంతు పెంచలేదు. “మా వాడు పోయాడు, తెలుసా నీకు? ఐస్‌లాండ్ వైపు చేపలకి వెళ్లిన ఓడ, చలికాలంలో. ఓడా రాలేదు, మనుషులూ రాలేదు. పూడ్చడానికి ఏమీ లేదు. మా అమ్మ ఏడవడానికి ఓ రాయి కూడా లేదు. వాడి ఒంటిది ఈ లోకంలో మిగిలింది ఆ ఒక్క గుర్తు.”

ఇందాక నవ్వినవాళ్లు ఒక అడుగు వెనక్కి వేశారు.

“నేను నిన్నేం అడిగాను?” అంది ఏవ్రిల్. ఇందాకటిదాకా మీరు అన్న నోరే. “ప్రొపెల్లరు అతికించమన్నాను. శ్రమపడొద్దన్నాను. అన్నానా, లేదా?”

“అన్నారు,” అన్నాడు నార్మన్.

“ఇది నువ్వే ఉంచుకో. ఇందులో మావాడు లేడు.”

ఖాళీ డబ్బా పట్టుకుని, మూత వదిలేసి వెళ్లిపోయింది. జనం గోడలకి అంటుకుపోయి దారి ఇచ్చారు. మాల్కమ్ వెండికప్పుని కోటు కింద దాచుకుని వంటగదిలోకి వెళ్లాడు. తిరిగొచ్చి, కుర్చీ వేసుకుని ఎక్కి, టీ డ్రమ్ము పైనున్న చెక్కని తీసేశాడు.

“ఒరే, నీ మీద కోపంతో కాదురా. చూడలేక తీస్తున్నా,” అన్నాడు.

నార్మన్ ఇంటికి ఎలా వచ్చాడో ఆయనకే తెలియదు. కోటు విప్పకుండా వెనకగదిలో కూర్చున్నాడు. జీవితంలో చెయ్యి పాడుచేసిన పని ఏదైనా ఉంటే మళ్లీ చేసేవాడు. పళ్లు బిగుసుకుంటే అరగదీసేవాడు, వదులైతే ఇంకోటి పోసేవాడు. దీన్నెలా మళ్లీ చేస్తాడు? కుళాయి నీళ్లతో కాలవలోకి కొట్టుకుపోయింది. తన చేత్తో, పళ్లబ్రష్షు పెట్టి మరీ తోమి పంపాడు.

“నేను బాగుచేద్దామనే కదా,” అన్నాడు జాయిస్‌తో.

“బాగుచేసింది నీ పేరుని,” అంది ఆవిడ. అన్నాక మనసొప్పక భుజం మీద చెయ్యేసింది. ఆయన ఆ చెయ్యిని గమనించలేదు.

ఒక దశలో ఆయనకో పాడు ఆలోచన వచ్చింది. తెల్లరంగు మందంగా పూసి, తన బొటనవేలే పెట్టి, అడ్డంగా సూదితో గీత గీస్తే? ఆవిడకి తేడా తెలుస్తుందా? ఆ ఆలోచన తన బుర్రలోంచే వచ్చిందని తెలిసేసరికి తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ వేలిని కోటు జేబులో దాచేసుకున్నాడు.

అప్పుడే విడిభాగాల డబ్బా మీద కళ్లు పడ్డాయి.

డబ్బాని బల్ల మీద బోర్లించాడు. విరిగిన చక్రాలు, తుపాకీ గొట్టాలు, తలల్లేని పైలట్లు. వాటి మధ్య ఆ మసకబారిన గాజుకప్పు, బొటనవేలి గోరంత. ఎందుకూ పనికిరాదని విసిరేశాడు గానీ బయట పారెయ్యలేదు. ఈ పిచ్చివాళ్లకి పారేసే అలవాటు లేకపోవడం ఆ ఒక్కరోజు అక్కరకొచ్చింది. పట్టుకారుతో ఎత్తి, దీపానికి అడ్డంపెట్టి, పళ్ల పనికి వాడే భూతద్దం కంటికి పెట్టుకున్నాడు.

అది మసక కాదు.

ట్యూబు జిగురుకో గుణముంది. ప్లాస్టిక్‌ని కరిగించి అంటిస్తుంది. జిగురు అంటిన వేలితో ఎవరైనా పట్టుకుంటే వేలి గీతలు ప్లాస్టిక్‌లోకే దిగిపోతాయి. రంగులా పైపైన ఉండవు, ఏ మందుకీ లేవవు. పిల్లలకి ఆ జిగురు ఇవ్వొద్దని నార్మన్ జీవితమంతా అరిచింది అందుకే. ఇప్పుడా కప్పు మీద గీతలు సుడులు తిరిగి కనబడుతున్నాయి. వాటిని అడ్డంగా కోస్తూ ఓ సన్నటి గాటు.

నార్మన్ కప్పుని మెల్లగా బల్ల మీద పెట్టి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. చచ్చిపోయిన కుర్రాడు ఎదురుగా వచ్చి కూర్చున్నట్టే అనిపించింది ఆయనకి. భయమూ వేసింది.

మర్నాడు చర్చి గంటలు అయ్యాక, అగ్గిపెట్టెలో దూది పెట్టి, దాంట్లో కప్పుని ఉంచి, ఏవ్రిల్ తలుపు కొట్టాడు. గొలుసు తియ్యకుండానే తలుపు కొంచెం తెరుచుకుంది.

“నాకేం వద్దు. వెళ్లు.”

“క్షమించమని రాలేదమ్మా. ఇది మీది. ఇచ్చి పోతాను. ఈ అద్దంలోంచి చూడండి, ఒక్కసారి.”

సందులోంచి చెయ్యొచ్చి అగ్గిపెట్టెనీ భూతద్దాన్నీ తీసుకుంది. తలుపు మూసుకుంది. నార్మన్ గుమ్మంలోనే నిలబడ్డాడు. వాన మొదలైంది. టోపీ తేలేదు. వెళ్లిపోవాలో ఉండాలో తెలియక అలాగే తడిశాడు.

చాలాసేపటికి లోపల్నుంచి ఓ అరుపు వినబడింది. ఏడుపో నవ్వో చెప్పలేం. తర్వాత గొలుసు తీసిన చప్పుడైంది.

“వాడే,” అంది ఏవ్రిల్. కళ్లు పెద్దవి చేసుకుని, ఊపిరి పట్టుకుని ఉంది. “ఇన్నేళ్లూ దాన్ని గుడ్డపెట్టి తుడిచాను. మురికనుకున్నాను. వాడే.” వాన వంక, ఆయన వంక చూసింది. “లోపలికి రండి. నేలంతా తడుపుతారు, ఆ తువ్వాలు తీసుకోండి.”

వంటగదిలో బల్ల ముందు కూర్చోబెట్టి, ఆవిడ మేడ మీదికి వెళ్లి ఓ పెట్టె తెచ్చింది. నార్మన్ లేచి నిలబడ్డాడు. అదే సండర్‌లాండ్, అదే పాతకాలపు పెట్టె. టేపు ఊడలేదు. మూల నలగలేదు. లోకంలో ఇలాంటివి ఎన్ని మిగిలాయో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

“మా బాబాయి ఇద్దరికీ ఒకేలాంటివి కొన్నాడు, కొట్టుకోకూడదని. కీత్ ఒక్క రోజులో చేసేశాడు. నాది ఎర్ర రంగు వేస్తానన్నాను. వాడు పడీపడీ నవ్వాడు. ఎర్ర సండర్‌లాండ్ ఎక్కడైనా ఉందా మొద్దూ అన్నాడు. అయితే అసలు చెయ్యనే చెయ్యనన్నాను. ఏళ్ల తరబడి దాని మీదే పోట్లాట. ఆఖరిసారి ఓడెక్కేముందు వాడే అన్నాడు, ఈసారి వచ్చాక నీది కలిసి చేద్దామే, ఎరుపే వేసుకో పో అని.”

అని, వేలుగోరు టేపు కింద దూర్చి ఒక్క లాగు లాగింది.

“అయ్యో!” అని నార్మన్ కేక పెట్టాడు. ఆపుకోలేకపోయాడు, కేక వచ్చేసింది.

“ఏం?”

“ఏం లేదు. తెరవండి. మీదే కదా.”

“ఇప్పుడు చెప్పండి. ఏమేం కావాలి?”

మంగళవారం పాఠమంతా ఆయన నాలుక చివరికి వచ్చింది. మింగేశాడు. “మీ ఇంట్లో ఏముంటే అది చాలండీ. గోళ్ల కత్తెర ఉందా?”

“కీత్ బ్రెడ్డు కోసే కత్తి వాడాడు.”

“గోళ్ల కత్తెర నయమేమో. వేళ్లు మిగులుతాయి,” అన్నాడు. ఆవిడ నిన్నటి తర్వాత మొదటిసారి కొంచెం నవ్వింది.

జిగురు ట్యూబు ఆయనే కొనితెచ్చాడు. ఆ దుకాణంలో ఆయన్ని అందరూ ఎరుగుదురు. కౌంటరు మీద ఆ ట్యూబు పెట్టగానే అమ్మేవాడు రెండుసార్లు చూశాడు. ఎర్రరంగుల దగ్గర ఆయన బుర్ర తిరిగిపోయింది. లేని విమానం రంగుని ఏ పుస్తకం చూసి ఎంచుకుంటాడు? నాలుగు డబ్బాలు తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టాడు. ఇటుక ఎరుపు, ముదురు ఎరుపు, ఫైరింజను ఎరుపు, పోస్టుడబ్బా ఎరుపు. ఒక్కోదాని గురించి చెప్పబోయేలోపే ఏవ్రిల్ అన్నిటికన్నా తళతళలాడే పోస్టుడబ్బా రంగు లాక్కుంది.

“ఇది మరీ మెరుస్తుందండీ.”

“మెరవనివ్వండి.”

మధ్యాహ్నాలు ఆయన వెళ్లి కూర్చునేవాడు. ఆవిడ చేసేది. ముక్కల్ని మెలిపెట్టి తెంపేది, జిగురు కార్చేది, రెక్కలు ఒకటి పైకీ ఒకటి కిందికీ పెట్టేది. నార్మన్ చేతులు తొడల కింద పెట్టుకుని, అడిగితేనే నోరు తెరిచేవాడు. అంతటి శిక్ష జడ్జి కూడా వెయ్యడు. రంగు డబ్బాని ఆవిడ గలగలా ఊపినప్పుడు మాత్రం కళ్లు మూసుకున్నాడు.

ఆఖర్న గాజుకప్పు మిగిలింది. చట్రంలో కొత్తది ఉంది, నీటిబొట్టులా స్వచ్ఛంగా. ఏవ్రిల్ దాన్ని కత్తిరించి, దీపానికి పెట్టి చూసింది. తర్వాత నార్మన్ అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

“ఇది మీ డబ్బాలో వేసుకోండి. నాకు పనికిరాదు.”

అగ్గిపెట్టె తెరిచి, పట్టుకారుతో కీత్ కప్పుని తీసి, తనే అతికించింది. ఎంతో జాగ్రత్తగా అతికించింది, ఆ చోట మాత్రం జిగురు బొట్టు కూడా కారలేదు. కప్పు సరిగ్గా కూర్చోగానే ఆపుకోలేక విమానాన్ని రెక్క పట్టి గాల్లోకి ఎత్తింది. ఎర్రరంగు ఇంకా ఆరలేదు.

ఇద్దరూ ఒకేసారి చూశారు. ఎడమ రెక్క పైన, నట్టనడుమ, బొటనవేలు మెత్తగా దిగిపోయి ఉంది.

జేబులో ఎప్పుడూ ఉండే గరుకు కాగితం ముక్క మీదికి నార్మన్ చెయ్యి దానంతటదే వెళ్లింది. ఏవ్రిల్ ఆ చెయ్యి వంక చూసింది. ఆయన కాగితాన్ని బయటికి తీసి, నాలుగు మడతలు పెట్టి, పొయ్యి పక్కనున్న బొగ్గుల బకెట్టులో పడేశాడు.

ఏవ్రిల్ మెల్లగా వేలు తీసింది. రంగు అంటిన వేలిని చూసుకుంది, గాజుకప్పులోని అన్న వేలిని చూసింది.

“కలిసి చేద్దామన్నాడు,” అంది. “చేశాం.”

నార్మన్ లేచి, ఆవిడకి మొహం కనబడకుండా, టీకి నీళ్లు పెట్టాడు.